చదును పరుగు, గుట్ట పరుగు: మీ బలహీనత ఎక్కడుందో కొలిచి సరిచేసుకోవడం ఎలా

చదును రోడ్డు మీద 10 కిలోమీటర్లను ఒకే టైమ్‌లో ముగించే ఇద్దరిని మిట్టపల్లాలున్న దారిలోకి పంపితే, ఇద్దరి మధ్య ఐదారు నిమిషాల తేడా రావడం మామూలే. వెనకబడినవారు సాధారణంగా తమకు ‘స్టామినా చాల్లేదు’ అనుకుని ఇంకా ఎక్కువ కిలోమీటర్లు పరిగెత్తడం మొదలుపెడతారు. చాలాసార్లు లోపం అక్కడ ఉండదు. చదునులో మిమ్మల్ని నడిపించేది ఒకటి, ఎక్కుడులో ఆపేది ఇంకొకటి, దిగుడులో దెబ్బతీసేది మరొకటి. ఆ మూడింటినీ విడివిడిగా కొలవకుండా శిక్షణ మొదలుపెడితే ఉన్న బలానికే మళ్లీ మళ్లీ పదును పెడతారు.

కొలవడానికి ల్యాబ్ అక్కర్లేదు. ఒక చదును దారి, ఒకే తీరులో ఎక్కే ఒక రోడ్డు, స్టాప్‌వాచ్, ఒక మెట్టు ఉంటే రెండు వారాల్లో తేలిపోతుంది. నలభై దాటి ఇప్పటిదాకా వ్యాయామం లేనివారు, బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవారు, పరుగులో ఎప్పుడైనా ఛాతీలో నొప్పి లేదా కళ్లు తిరగడం అనుభవించినవారు మాత్రం డాక్టర్‌ను కలిశాకే కింది పరీక్షలకు దిగాలి. ఇవి పూర్తి శక్తితో చేసేవి.

ముందు వాలు లెక్క

వాలును శాతంలో చెబుతాం. 100 మీటర్లు ముందుకు వెళ్లేసరికి 6 మీటర్లు ఎక్కితే అది 6 శాతం. 10 శాతం అంటే వినడానికి చిన్నదే, కోణంలో 6 డిగ్రీలు కూడా ఉండదు. కాళ్లకు మాత్రం అది పెద్ద గుట్ట.

ఎంత పెద్దదో చూడండి. ఇటలీ శరీరధర్మ శాస్త్రవేత్త ఆల్బెర్టో మినెట్టి బృందం 2002లో ప్రచురించిన కొలతల ప్రకారం, చదునులో ఒక కిలో బరువును ఒక మీటరు ముందుకు పరిగెత్తించడానికి సుమారు 3.4 జౌళ్ల శక్తి పడుతుంది. వాలు పెరిగేకొద్దీ ఖర్చు వేగంగా పెరుగుతుంది. వారి సమీకరణంలో అంకెలు వేసి చూస్తే చదునుతో పోల్చినప్పుడు 4 శాతం ఎక్కుడులో సుమారు 24 శాతం, 6లో 37 శాతం, 8లో 51 శాతం, 10లో 66 శాతం ఎక్కువ ఖర్చవుతుంది. అంటే 10 శాతం లోపు వాలులో ప్రతి ఒక్క శాతానికీ ఖర్చు ఆరు శాతం చొప్పున పెరుగుతుందని గుర్తుంచుకుంటే చాలు.

దిగేటప్పుడు అంతా తిరిగి రాదు. 5 శాతం దిగుడులో ఆదా 24 శాతం దగ్గర, 10 శాతంలో 40 శాతం దగ్గర ఆగిపోతుంది. దాదాపు 20 శాతం దిగుడు దాకా ఖర్చు తగ్గుతూ వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ పెరుగుతుంది, ఎందుకంటే ఒంటిని ఆపుకోవడానికే కండరాలు పనిచేయాల్సి వస్తుంది. పైగా ఇది కేవలం ఊపిరి లెక్క. తొడలు కట్టే మూల్యం ఇందులో కనబడదు, అది మర్నాడు మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది.

మొదటి పని: సరైన గుట్ట వెతకడం

5 నుంచి 7 శాతం మధ్య ఒకే తీరుగా ఎక్కే తారు లేదా గట్టి మట్టి రోడ్డు, కనీసం 950 మీటర్లు కావాలి. మధ్యలో చదును ముక్కలు, మలుపులో పల్లం ఉంటే లెక్క పాడవుతుంది. ఎత్తును ఫోన్ జీపీఎస్‌తో కొలవకండి, అది అడ్డంగా చూపే దూరంలో నమ్మదగ్గదే గానీ ఎత్తులో పది ఇరవై మీటర్లు తేలిగ్గా తప్పుతుంది. ఎత్తు గీతలున్న మ్యాప్ చూడండి, లేదా గాలి ఒత్తిడితో ఎత్తు కొలిచే వాచ్‌తో రెండుసార్లు ఎక్కి సగటు తీయండి. 900 మీటర్లలో 54 మీటర్లు ఎక్కితే సరిగ్గా 6 శాతం. ఇకపై లెక్కలన్నీ ఈ గుట్ట మీదే చూపిస్తాం.

అలాంటి రోడ్డు దొరక్కపోతే ట్రెడ్‌మిల్ వాడుకోవచ్చు. అప్పుడు చదును పరీక్ష కూడా ట్రెడ్‌మిల్ మీదే, 1 శాతం వాలు పెట్టి చేయండి. బయట ఎదురుగాలిని చీల్చడానికి పట్టే అదనపు శక్తికి ఆ 1 శాతం సరిపోతుంది. ఒకటి బయట, ఒకటి లోపల చేసి పోల్చకండి.

రెండో పని: చదునులో 6 నిమిషాలు

15 నిమిషాలు నెమ్మదిగా పరిగెత్తండి, ఆపై 20 సెకన్ల చొప్పున నాలుగుసార్లు వేగంగా. రెండు నిమిషాలు నడిచి, 6 నిమిషాల్లో వీలైనంత ఎక్కువ దూరం పరిగెత్తండి. శరీరం ఆక్సిజన్‌ను గరిష్ఠంగా వాడుకునే వేగాన్ని మామూలు మనిషి నిలుపుకోగలిగేది ఇంచుమించు ఈ ఆరు నిమిషాలే. కాబట్టి ఈ దూరం మీ ‘పైకప్పు’. శాస్త్రం దాన్ని వీఓటూ మ్యాక్స్ అంటుంది.

ఇక్కడ అందరూ చేసే తప్పు మొదటి నిమిషంలో దూసుకుపోవడం. మూడో నిమిషంలో కాళ్లు బరువెక్కి, చివరి రెండు నిమిషాలు ఈడ్చుకుంటూ వస్తే ఆ అంకె పనికిరాదు. మొదటి 3 నిమిషాల దూరం, తర్వాతి 3 నిమిషాల దూరం 15 మీటర్ల తేడాలోపు ఉండాలి. లేకపోతే మూడు రోజులాగి మళ్లీ చేయండి. ఉదాహరణకు మీకు 1200 మీటర్లు వచ్చిందనుకుందాం.

మూడో పని: చదునులో 30 నిమిషాలు

కనీసం మూడు రోజుల విరామం తర్వాత అదే దారిలో 30 నిమిషాలు, నిలుపుకోగలిగినంత గట్టిగా. చివరి 20 నిమిషాల సగటు హార్ట్ రేట్ రాసుకోండి. అది దాదాపు మీ లాక్టేట్ హద్దు, అంటే దాన్ని దాటి ఎక్కువసేపు పరిగెత్తితే లాక్టేట్ (గట్టి శ్రమలో కండరాల్లో పుట్టే పదార్థం) రక్తంలో పేరుకుపోయి వేగం పడిపోయే చోటు.

ఇప్పుడు పోలిక. 6 నిమిషాల దూరాన్ని 5తో గుణించండి: 1200 అయితే 6000. 30 నిమిషాల దూరం అందులో 90 శాతం చుట్టూ, అంటే 5.4 కిలోమీటర్ల దగ్గర ఉంటే పైకప్పుకు తగ్గ ఓర్పు ఉన్నట్టు. 5 కిలోమీటర్లే వస్తే అది 83 శాతం. పైకప్పు బాగానే ఉంది, దాని దగ్గర నిలబడే శక్తి లేదు.

ఎండ ఈ పరీక్షను తేలిగ్గా చెడగొడుతుంది. వేడిలో ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో రక్తపరిమాణం తగ్గుతుంది, వేగం మారకపోయినా హార్ట్ రేట్ పాకుతూ పోతుంది. అన్ని పరీక్షలూ ఒకే వేళకు, వీలైతే తెల్లవారుజామున చేయండి.

నాలుగో పని: అదే 6 నిమిషాలు, గుట్ట మీద

మళ్లీ మూడు రోజులాగి, అదే వార్మప్‌తో, గుట్ట మీద 6 నిమిషాలు పూర్తి శక్తితో. రెండు పరీక్షల వ్యవధీ ఒకటే గనుక ఊపిరి ఇచ్చే శక్తి రెంటిలోనూ ఇంచుమించు ఒకటే. తేడా వస్తే ఆ శక్తిని కాళ్లు ఎలా వాడుకుంటున్నాయన్న దాంట్లోనే వస్తుంది. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది అదే, ఊపిరిని పక్కన పెట్టి కాళ్లను మాత్రమే విడిగా చూపిస్తుంది.

6 శాతం వాలుకు ఖర్చు 1.37 రెట్లు. 1200ను 1.37తో భాగిస్తే దాదాపు 875 మీటర్లు. 850 నుంచి 900 మధ్య వస్తే మీ కాళ్లు చదునులోనూ గుట్టలోనూ ఒకేలా ఉన్నట్టు. 800 వస్తే మీరు ఎక్కుడులో నష్టపోతున్నారు. 920 వస్తే గుట్ట మీ బలం, చదునులోనే ఏదో వృథా అవుతోంది.

ఐదో పని: కాళ్లను విడిగా పరీక్షించడం

పిక్కలతో మొదలుపెట్టండి. గోడకు వేళ్లు ఆనించి ఒంటి కాలి మీద నిలబడి, మోకాలు వంచకుండా మడమను పూర్తిగా పైకెత్తి దించండి. ఎత్తడానికి ఒక సెకను, దించడానికి ఒక సెకను. మడమ పూర్తి ఎత్తుకు లేవడం ఆగిన చోట లెక్క ఆపండి. ఒక్కో కాలికి 25 రావాలి. 15 లోపు ఉంటే, లేదా రెండు కాళ్ల మధ్య ఐదుకు మించి తేడా ఉంటే అది సరిచేసుకోవాల్సిన లోపమే.

తర్వాత 20 సెంటీమీటర్ల మెట్టు మీద ఒక కాలితో నిలబడి, రెండో మడమను మూడు సెకన్లు తీసుకుని నేలకు తాకించి లేవండి. బరువు కింది కాలి మీద వేయకూడదు. ఎదురుగా ఫోన్ పెట్టి వీడియో తీయండి. 15 సార్లలోపే మోకాలు బొటనవేలి గీత దాటి లోపలికి వాలినా, నడుము ఒక పక్కకు జారినా, దిగుడులో మీ తొడలు, పిరుదులు మిమ్మల్ని కాపాడలేవు.

చివరిగా 400 మీటర్ల దిగుడును (5, 6 శాతం చాలు) తేలిక వేగంతో ఐదుసార్లు దిగండి, ప్రతిసారీ నడిచి ఎక్కండి. రెండో రోజున తొడల ముందు భాగం నొప్పిని 10కి ఎంతో రాసుకోండి. ఈ రకం నొప్పి ఒకటి రెండు రోజులకు ముదురుతుంది, కాబట్టి అదే సాయంత్రం ‘ఏమీ లేదు’ అని తీర్పు ఇచ్చుకోకండి. 5 దాటితే దిగుడుకు మీరు ఇంకా తయారు కాలేదు.

అంకెలు చెబుతున్నదేమిటి

గుట్ట దూరం తక్కువ వచ్చినవారు తొందరపడి బరువును నిందించుకోకూడదు. బరువు ప్రతి అడుగులోనూ మోయాల్సిందే, చదునులో కూడా. 70 కిలోల మనిషిలో ఒక కిలో అంటే రెండు చోట్లా దాదాపు 1.4 శాతం ఖర్చు. గుట్ట మీద ఎక్కువసేపు పడుతుంది గనుక సెకన్లలో నష్టం పెద్దగా కనిపిస్తుంది, అంతే. కాబట్టి చదునుకూ గుట్టకూ నిష్పత్తి చెడితే కారణం వేరే.

ఆ కారణం రెండు రకాలు. చదునులో ప్రతి అడుగుకూ మడమ వెనకున్న అకిలిస్ స్నాయువు సాగి, రబ్బరులా తిరిగి ముడుచుకుంటూ కొంత శక్తిని ఉచితంగా వెనక్కిస్తుంది. ఎక్కుడులో ఒళ్లు పడి లేచే ఊపు తగ్గిపోతుంది, స్నాయువుకు సాగే అవకాశమే తక్కువ. ఎత్తును కండరమే కొత్తగా పుట్టించాలి. అందువల్ల చదునులో స్ప్రింగులా తేలిగ్గా పరిగెత్తేవారికి గుట్ట మీద ఆ లాభం పోయి నిష్పత్తి చెడినట్టు కనిపిస్తుంది. ఇది లోపం కాదు. పిక్కల పరీక్షలో 25 దాటి వచ్చి, గుట్ట దూరం మాత్రమే తగ్గితే మీరు ఈ కోవకు చెందినవారు. పిక్కల పరీక్షలో 15 దగ్గరే ఆగిపోతే మాత్రం అది నిజమైన బలహీనత.

గుట్టలో బాగా వచ్చి చదునులో వెనకబడ్డవారిది దీనికి తిరగబడ్డ కథ. ఊపిరి, కండరం ఉన్నాయి, స్ప్రింగు లేదు. బూట్లు కూడా చూడండి. ఒక్కో బూటుకు 100 గ్రాములు పెరిగితే ఆక్సిజన్ ఖర్చు సుమారు 1 శాతం పెరుగుతుంది.

అన్నీ తక్కువగా, కానీ సమతూకంలో వస్తే పైకప్పే పెంచాలి. ఇదివరకు బాగా పరిగెత్తి, ఇటీవల కారణం లేకుండా అన్నీ పడిపోయినవారు శిక్షణ పెంచకుండా ముందు హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి. హిమోగ్లోబిన్ డెసిలీటరు రక్తానికి మగవారికి 13 గ్రాములు, గర్భం లేని స్త్రీలకు 12 గ్రాముల లోపు ఉంటే రక్తహీనత కిందే లెక్క. ఆక్సిజన్ మోసే బండ్లే తక్కువైతే ఎంత వ్యాయామం చేసినా దూరం పెరగదు. బరువు తగ్గాలని తిండి కోసుకునేవారిలో ఇది మామూలు, ఎముకల్లో సన్నని పగుళ్లు కూడా అక్కడి నుంచే మొదలవుతాయి.

ఆరో పని: లోపాన్ని బట్టి ఎనిమిది వారాలు

ఎవరైనా సరే, వారంలో ఎక్కువ భాగం పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే తేలిక పరుగే ఉండాలి. దాని మీద వారానికి ఒకటి, మహా అయితే రెండు గట్టి రోజులు. గట్టి రోజులో ఏం చేయాలన్నదే మీ లోపం నిర్ణయిస్తుంది.

ఓర్పు తక్కువైతే: 30 నిమిషాల పరీక్ష వేగం కన్నా కిలోమీటరుకు 10 సెకన్లు నెమ్మదిగా 8 నిమిషాలు, మూడుసార్లు, మధ్యలో 2 నిమిషాల జాగింగ్. రెండేసి వారాలకు 8ని 10కి, 12కి పెంచండి, వేగాన్ని కాదు. ఇవి చేశాక ‘ఇంకోటి చేయగలను’ అనిపించాలి. అలా అనిపించకపోతే హద్దు దాటి చేశారు.

పైకప్పు తక్కువైతే: 6 నిమిషాల పరీక్ష వేగంతో 3 నిమిషాలు, ఐదుసార్లు, మధ్యలో 3 నిమిషాల జాగింగ్. మోకాళ్ల నొప్పి ఉన్నవారు ఇదే శ్రమను 5 శాతం గుట్ట మీద చేయవచ్చు. ఊపిరికి అదే పని, పాదం నేలను తాకే దెబ్బ తక్కువ.

ఎక్కుడు బలహీనమైతే: వారానికి ఒకసారి తేలిక పరుగు చివర్న 8 నుంచి 10 శాతం వాలులో 8 సెకన్ల పూర్తి వేగం, నాలుగుతో మొదలుపెట్టి ఎనిమిది దాకా. నడిచి దిగి, పూర్తిగా ఊపిరి కుదురుకునేదాకా కనీసం 2 నిమిషాలు ఆగండి. ఆగకపోతే అది బలం వ్యాయామం కాకుండా రొప్పే వ్యాయామం అయిపోతుంది. వారానికి రెండుసార్లు పిక్కలకు మోకాలు చాపి ఒక రకం, వంచి ఒక రకం, చేతిలో బరువుతో 12 చొప్పున మూడు సెట్లు. 30 సెంటీమీటర్ల పీట ఎక్కి దిగడం, కాలికి 10 చొప్పున మూడు సెట్లు. స్ప్రింగు లేనివారు వీటికి తాడాట (స్కిప్పింగ్) కలుపుకోండి: 30 సెకన్లు ఆరుసార్లు, మోకాళ్లు పెద్దగా వంచకుండా, మడమ నేలకు తాకకుండా.

దిగుడు బలహీనమైతే ఓపిక ఎక్కువ కావాలి. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బిగుసుకుని బరువును ఆపుతుంది, కండరపు నారలు ఎక్కువగా తెగేది ఆ తీరు పనిలోనే. మంచి మాటేమిటంటే ఒక్కసారి కొద్దిగా దెబ్బతిని కోలుకున్న కండరం తర్వాతి కొన్ని వారాలు అదే పనికి చాలా తక్కువ దెబ్బతింటుంది. ఆ గుణాన్నే వాడుకోవాలి. మొదటి వారం 4 శాతం దిగుడులో 200 మీటర్లు నాలుగుసార్లు. పది రోజులకు ఆరుసార్లు. ఆ తర్వాతే వాలును 6కి, 8కి పెంచండి. నొప్పి పూర్తిగా తగ్గకుండా రెండో విడత చేయకూడదు. పోటీ ఉంటే చివరి గట్టి దిగుడు కనీసం పది రోజుల ముందే ముగించాలి.

ఏడో పని: దారి మీద అమలు

చదునులో మీ నిలకడ వేగం కిలోమీటరుకు 6 నిమిషాలనుకోండి. 5 శాతం ఎక్కుడులో అదే శ్రమకు 7 నిమిషాల 48 సెకన్లు. అంతే వాలున్న దిగుడులో లెక్క ప్రకారం దాదాపు నాలుగున్నర నిమిషాలు రావాలి గానీ అంత వేగాన్ని కాళ్లు భరించలేవు. 5:15 నుంచి 5:30 దగ్గర ఆపుకోండి. మొత్తం టైమ్ అంచనాకు పాత నడక సూత్రం ఒకటి పనికొస్తుంది. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్కను విడమరిస్తే, ఒక మీటరు ఎత్తు ఎక్కడం దాదాపు 8 మీటర్ల చదునుతో సమానం. 150 మీటర్ల ఎక్కుడున్న 10 కిలోమీటర్లను 11.2 కిలోమీటర్లుగా భావించండి. నడక కోసం వేసినది గనుక పరుగుకు కాస్త ఎక్కువే చెబుతుంది, దాన్ని పై హద్దుగా పెట్టుకోండి.

గుట్ట మొదలయ్యే ఆ మొదటి నిమిషమే చాలామంది పరుగును పాడుచేసేది. వాలు మొదలవుతుంది, వాచ్ హార్ట్ రేట్ 148 చూపిస్తుంది, బాగానే ఉందని అదే వేగంతో ఎక్కుతారు. కాళ్లు అప్పటికే ఒకటిన్నర రెట్లు ఖర్చు పెడుతున్నాయి, గుండె వేగం ఆ సంగతి అందుకోవడానికి నిమిషం దాకా పడుతుంది. అంకె 165 దాటేసరికి అప్పు పేరుకుని ఉంటుంది, మిగతా గుట్టంతా ఆ అప్పు తీర్చడమే. కాబట్టి మొదటి నిమిషం వాచ్ చూడకండి, ఊపిరిని వినండి. చదునులో మూడు నాలుగు మాటలు ఒక గుక్కలో అనగలిగితే, గుట్ట మొదటి నిమిషంలోనూ అన్ని మాటలూ అనగలగాలి. అందుకోసం అడుగును కురచ చేయండి, అడుగుల లెక్క మాత్రం తగ్గించకండి. ముందుకు వాలాలంటే చీలమండ నుంచి వాలండి. నడుము దగ్గర వంగితే పొట్ట నొక్కుకుని ఊపిరి కురచవుతుంది, పిరుదులకు తోసే పట్టు పోతుంది. చూపు 5, 6 మీటర్ల ముందు ఉంటే చాలు. 15 శాతం దాటిన వాలులో సరదాకు పరిగెత్తేవారిలో చాలామందికి వేగంగా నడవడమే లాభం, చేతులు తొడల మీద ఆనించి అయినా సరే.

దిగుడులో చెవి పెట్టండి. పాదం ‘టప్ టప్’మని గట్టిగా చప్పుడు చేస్తుంటే అది ఒంటికి బాగా ముందు, మోకాలు దాదాపు చాచిన స్థితిలో పడుతోంది, ప్రతి అడుగూ బ్రేకే. కుడికాలి అడుగులను 30 సెకన్లు లెక్కించి 4తో గుణించండి. వచ్చిన అంకెకు 5 నుంచి 10 శాతం కలిపి, ఆ లయలో దిగండి. 160 అయితే 168 నుంచి 176. అడుగు కురచైతే పాదం ఒంటి కిందికి వస్తుంది, మోకాలు కాస్త వంగి ఉంటుంది, చప్పుడు దానంతటదే తగ్గుతుంది. చేతులు పక్కలకు కొద్దిగా విప్పి ఉంచండి, వెనక్కి మాత్రం వాలకండి.

ఎనిమిది వారాలయ్యాక అదే గుట్ట, అదే వేళ, అవే బూట్లతో నాలుగు పరీక్షలూ మళ్లీ చేయండి. రెండు రోజుల ముందు నుంచి గట్టి పరుగు, బరువుల వ్యాయామం వద్దు. గుట్ట దూరం 30 మీటర్లు పెరిగి చదును దూరం కదలకపోతే నిరాశ పడకండి, మీరు పని చేసింది కాళ్ల మీద, అది అక్కడే కనబడింది. వచ్చే ఎనిమిది వారాల గట్టి రోజును ఇప్పుడు అన్నిటికన్నా వెనకబడిన అంకెకు ఇవ్వండి. కొత్తగా సంపాదించిన కాలి బలం జారిపోకుండా వారానికి ఒక్క విడత పిక్కల పని, పది రోజులకు ఒక్క దిగుడు ఉంచుకోండి.